సర్వమంగళ శ్లోకం చదువుతానన్న మా అమ్మాయికి

రాయగడ

చిట్టితల్లీ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ దసరా తొమ్మిది రోజులూ సర్వమంగళ శ్లోకం రోజుకి 108 సార్లు చదువుతానన్నావు. నాకు ఎంత సంతోషం వేసిందో! కానీ ఆ 108 సంగతి కాస్త పక్కన పెట్టు. పండక్కి ఇంకా టైముంది. ముందు ఆ ఒక్క శ్లోకం నీ నోట్లో కుదురుగా పలకాలి. లెక్క తర్వాత అదే వస్తుంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. ఒడియాలో రాసుకున్నావు. బరంపురంలో పుట్టి ఒడియా బడిలో చదివిన పిల్లవి, తెలుగు కూడబలుక్కుని చదువుతావు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇక్కడ మన ఇళ్ళలో చాలామంది పిల్లలు అంతే. అయితే ఒడియా రాతలో వ కీ బ కీ మామూలుగా ఒకటే అక్షరం. శ, ష, స రాతలో వేరువేరుగా ఉన్నా నోట్లోకి వచ్చేసరికి మూడూ 'స' అయిపోతాయి. అందుకే నువ్వు "సర్బ" అనీ "సిబే" అనీ అంటున్నావు. ఆ కాగితం కిందే పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో ఇలా రాసుకో:

సర్వమంగళమాంగల్యే శివే సర్వార్థసాధికే
శరణ్యే త్ర్యంబకే గౌరి నారాయణి నమోఽస్తు తే

మీ పక్కింటి మావుసీ "సొర్బొమొంగొళొ" అంటుందని చెప్పావు. ఆవిణ్ణి మాత్రం దిద్దకు. వాళ్ళ తాతముత్తాతల నుంచీ వాళ్ళ నోటికి సంస్కృతం అలాగే వచ్చింది. మనం మాత్రం జ్ఞానాన్ని "గ్నానం" అనడం లేదా? తారాతారిణి కొండ మీద చైత్ర మంగళవారాల్లో ఎంతమంది ఎన్ని రకాలుగా పిలుస్తారో నువ్వే చూశావు. అమ్మవారు అందరి పిలుపూ వింటుంది. నేను నిన్ను దిద్దుతున్నది ఎందుకంటే, నువ్వు నన్ను అడిగావు, నాకు తెలిసిన పద్ధతి ఇది. ఒక పద్ధతి పట్టుకుంటే దాన్నే పట్టుకో. సగం అటు, సగం ఇటు కలిపితే నాలుక తికమకపడుతుంది.

ఈ శ్లోకం ఎక్కడిదో కూడా తెలుసుకో. మార్కండేయ పురాణంలో దేవీమాహాత్మ్యం ఉంది కదా, 13 అధ్యాయాలు, దుర్గా సప్తశతి అనేదీ దాన్నే. అందులో 11వ అధ్యాయం. అమ్మవారు శుంభుడనే రాక్షసుణ్ణి చంపాక దేవతలందరూ గుండె నిబ్బరపడి ఆవిణ్ణి స్తోత్రం చేస్తారు, అక్కడిది. కష్టం గట్టెక్కినవాళ్ళ నోట్లోంచి వచ్చిన మాట ఇది. మన వైపు కొందరు "గౌరి" బదులు "దేవి" అంటారు. ఇంట్లో ఏది అలవాటైతే అది అను.

ఇప్పుడు అక్షరాల సంగతి. పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలు, మొత్తం 32. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తిరునాళ్ళలో కొన్న చిన్న పుస్తకం చూసి "త్రయంబకే" అని చదివేదాన్ని. మా అత్తగారికి అప్పటికి చూపు పోయింది. అక్షరం ముక్క రాదు ఆవిడకి. సాయంత్రం దీపం పెట్టాక నేను చదువుతుంటే, గోడకి ఆనుకుని కూర్చుని అక్షరానికి ఒకసారి చొప్పున నేల మీద వేలు తట్టేది. రోజూ అదే చోట వేలు ఆగిపోయేది. ఏంటత్తయ్యా అంటే, "అక్కడ ఒకటి ఎక్కువ పడుతోందే" అంది. కూర్చుని లెక్కపెడితే నిజమే, ఆ పాదంలో తొమ్మిది ఉన్నాయి. త, ర, య కాదమ్మా, "త్ర్య" అంతా ఒక్కటే అక్షరం, ఒక్క దెబ్బలో పలకాలి. నువ్వూ వేలితో తట్టుకుంటూ చదువు. తప్పు ఎక్కడుందో వేలే చెబుతుంది.

ఇంకోటి, "సర్వార్థ". మనవాళ్ళు అర్థం అని రాయాల్సిన చోట అర్ధం అని రాసేస్తుంటారు. అర్ధం అంటే సగం. అన్ని కోరికలూ నెరవేర్చే తల్లిని సగాల తల్లిని చేస్తామా! అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "థ" అను, ఊపిరి చేతికి తగలాలి. "సాధికే"లో "ధ" కూడా అంతే, ఒత్తు వినపడాలి. చివర "గౌరి", "నారాయణి" రెండూ పొట్టివి. పిలిచేటప్పుడు అలాగే పొట్టిగా పిలుస్తారు. ఫోన్లో పాటలుగా పెట్టేవాళ్ళు రాగం కోసం "నారాయణీ" అని సాగదీస్తారు. వినడానికి బాగుంటుంది, వినుకో, కానీ వాటిని చూసి నేర్చుకోకు. పాణినీయ శిక్ష అని ఉచ్చారణ గురించి చెప్పే పాత పుస్తకం ఉంది, అందులో చదవకూడని తీరులు ఆరు చెప్పారు. పాటలా పాడడం, తొందరగా చదవడం, తల ఊపడం, రాసింది చూస్తూ చదవడం, అర్థం తెలియకుండా చదవడం, గొంతు పీలగా పెట్టడం. వేదం చదివేవాళ్ళకి చెప్పిన మాటే అయినా మనకీ పనికొస్తుంది.

అర్థం అన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ బాధే. మా ఆడపడుచుకి చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటిదాకా రోజూ ఈ శ్లోకం చదివేది. ఎవరో పెద్దావిడ, "మాంగల్యం శ్లోకం నువ్వు చదవకూడదు" అందట. ఆ మాటతో మానేసింది. దీపం పెట్టి, నోరు మూసుకుని కూర్చునేది. చూస్తూ ఊరుకున్నాను, ఎందుకంటే నాకూ అర్థం తెలీదు. ఆ మాంగల్యం మన మెళ్ళో తాళి కాదమ్మా. లోకంలో మంగళకరమైనవి ఎన్ని ఉన్నాయో వాటన్నిటిలోని మంగళమూ నువ్వే అని దానర్థం. శివే అంటే శుభం చేసేదానా, శరణ్యే అంటే శరణు ఇచ్చేదానా, త్ర్యంబకే అంటే మూడు కళ్ళున్నదానా. నమః అస్తు తే, నీకు నమస్కారం అగుగాక. "స్తుతే" అని విడగొట్టకు, అందులో స్తుతి లేదు. పెళ్ళికాని పిల్ల, భర్త పోయినావిడ, మగవాళ్ళు, ఎవరైనా చదవొచ్చు. ఈ అర్థం తెలిసిన రోజు పరుగున వెళ్ళి ఆవిడకి చెప్పాను. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ నోరు విప్పింది. నిన్నెవరైనా అలాంటి మాట అంటే పట్టించుకోకు.

కూర్చునే సంగతి పెద్దగా చెప్పేది లేదు. స్నానం చేసి, దీపం పెట్టి, రోజూ ఒకే చోట, ఒకే వేళకి కూర్చో. ఆఫీసు టెన్షన్‌తో పొద్దున్న కుదరకపోతే సాయంత్రం చదువు. ఆ నాలుగు రోజులూ పూజగదిలోకి వెళ్ళడం మీ ఇంటి పద్ధతి కాకపోతే వెళ్ళకు, మనసులో అనుకో. మనసులో చేసే జపమే అన్నిటికన్నా గొప్పదని మనుస్మృతిలోనే ఉంది.

లెక్కకి జపమాల కొనక్కర్లేదు. 27 చింతపిక్కలు తీసుకుని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేస్తూ పోతే నాలుగు విడతల్లో 108 అవుతాయి. స్పష్టంగా చదివితే ఒక్క శ్లోకానికి పది, పదకొండు సెకన్లు, మొత్తం ఇరవై నిమిషాలు. ఏడు నిమిషాల్లో అయిపోయిందంటే అక్షరాలు మింగేశావన్నమాట. అన్ని చదవలేని రోజున 27 చదువు, లేదంటే 9 చదువు. గొంతు బొంగురుపోతే ఆపి గోరువెచ్చని నీళ్ళు తాగు.

రీల్స్‌లో చూసి "ఐం హ్రీం క్లీం" కూడా కలపనా అన్నావు. వద్దమ్మా. అది నవార్ణం అనే తొమ్మిదక్షరాల అమ్మవారి మంత్రం మొదలు, గురువు దగ్గర ఉపదేశం తీసుకుని చేసేది. దొరికినప్పుడు తీసుకుందువుగాని. ఈ శ్లోకానికి ఉపదేశం అక్కర్లేదు.

దసరా అయ్యాక ఒక ఆదివారం రా. ఇద్దరం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్దాం. విజయనగరం బండి వచ్చే టైముకి జనం ఎక్కువవుతారు, పొద్దున్నే వెళ్ళాలి. ఆ ఒడియా కాగితం చించెయ్యకు, వచ్చేటప్పుడు పట్టుకురా. అత్తగారి చింతపిక్కలు చిన్న ఇత్తడి చెంబులో దాచాను, నీకిస్తాను. ఇంటికొచ్చాక నువ్వు చదువుతుంటే నేను వేలు తడతాను.

మీ పెద్దమ్మ