స్థానిక పోలీసులకు సలహా ఇచ్చే ప్యానెల్‌లో వాలంటీరుగా చేరితే ప్రయోజనం ఉంటుందా?

ఇంగ్లండులో మీరు ఉంటున్న పట్టణంలో పోలీసులు స్టాప్ అండ్ సర్చ్ (మనుషులను వీధిలో ఆపి సోదా చేయడం) రికార్డులను పరిశీలించే ప్రజా ప్యానెల్‌కు వాలంటీర్లను పిలుస్తున్నారనీ, తెలుగు సంఘం పెద్దలు మిమ్మల్ని వెళ్ళమంటున్నారనీ రాశారు. వెళితే ఏమైనా ఒరుగుతుందా, లేక అంతా కంటితుడుపు వ్యవహారమేనా అన్నది మీ ప్రశ్న. నేను ఇక్కడే మరో పట్టణంలో అలాంటి ప్యానెల్‌లో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. తప్పక వెళ్ళమనే చెబుతాను. అయితే మీ ముందు పెట్టే రికార్డులను ఎంపిక చేసేది ఎవరన్న విషయం ముందుగా తేల్చుకోండి, ఎందుకంటే ఆ ప్యానెల్ పనికొస్తుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఈ ఏర్పాట్లు పోలీసులు తమంతట తాముగా దయతలచి చేసినవి కావు. 1981లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో అల్లర్లు జరిగాక వాటిపై విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డ్ స్కార్మన్ ఇచ్చిన నివేదిక నుంచే, సాధారణ పౌరులు చెప్పాపెట్టకుండా పోలీసు స్టేషనుకు వెళ్ళి నిర్బంధంలో ఉన్నవారిని పలకరించే పద్ధతి మొదలైంది; 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టంతో దానికి చట్టబద్ధత కూడా వచ్చింది. 1993 ఏప్రిల్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడు జాతివిద్వేషంతో చేసిన దాడిలో హత్యకు గురయ్యాడు. ఆ కేసు దర్యాప్తు తీరుపై విచారణ జరిపిన సర్ విలియం మాక్‌ఫర్సన్ 1999లో 70 సిఫారసులతో నివేదిక ఇచ్చి, లండన్ పోలీసు వ్యవస్థలో సంస్థాగతమైన జాతివివక్ష ఉందని తేల్చి చెప్పారు. పోలీసులకు సలహా చెప్పే పౌరుల స్వతంత్ర బృందాలు దేశమంతటా వ్యాపించింది ఆ తర్వాతనే.

మీరు చేరబోయే ప్యానెల్ పని ఇంకా నిర్దిష్టమైనది. 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టం మొదటి సెక్షన్ ప్రకారం ఒకరిని వీధిలో ఆపి సోదా చేయాలంటే సహేతుకమైన అనుమానం ఉండాలి. ఆ అనుమానం ఆ ఒక్క మనిషికి సంబంధించినదై ఉండాలి తప్ప, అతని రంగునో వయసునో వేషాన్నో బట్టి పుట్టినదై ఉండకూడదని ఆ చట్టం కింద వచ్చిన కోడ్ ‘ఏ’ స్పష్టంగా చెబుతుంది. సోదా రికార్డులను ప్రజల ప్రతినిధులు పరిశీలించే ఏర్పాటు ఉండాలన్నదీ ఆ కోడ్‌లోనే ఉంది. ఇన్ని నియమాలు ఉన్నా, శ్వేతజాతీయులతో పోలిస్తే నల్లజాతివారిని జనాభా నిష్పత్తిని మించి ఎన్నో రెట్లు ఎక్కువగా ఆపుతున్నారని ప్రభుత్వ గణాంకాలే ఏటా చూపుతున్నాయి. ఆ అంకెల వెనుక ఏం జరుగుతోందో తెలియాలంటే రికార్డులను ఒక్కొక్కటిగా తీసి చదవడం తప్ప వేరే దారి లేదు.

మొదట్లో మా ప్యానెల్‌కు రికార్డులను పోలీసు అధికారులే ఎంచి తెచ్చేవారు. ప్రతి సమావేశంలోనూ కత్తి దొరికిన సోదాలు, మాదకద్రవ్యాలు పట్టుబడిన సోదాలు, అధికారి మర్యాదగా మాట్లాడి పేరు చెప్పి చీటీ ఇచ్చి పంపిన సోదాలే వచ్చేవి. మేము మెచ్చుకునేవాళ్ళం, వాళ్ళు సంతోషించేవాళ్ళు, టీ తాగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. గడచిన మూడు నెలల సోదాల జాబితాను పేర్లు తీసేసి మాకు ఇవ్వాలనీ, ఏవి చూడాలో మేమే నిర్ణయించుకుంటామనీ మా అధ్యక్షురాలు పట్టుబట్టారు. దానికి చాలా తర్జనభర్జన జరిగింది, డేటా రక్షణ పేరుతో కొన్నాళ్ళు నాన్చారు కూడా. చివరికి ఒప్పుకున్నాక మా ముందుకు వచ్చిన కాగితాల రూపమే మారిపోయింది. సోదాకు కారణం రాయవలసిన గడిలో ‘ఈ ప్రాంతంలో మాదకద్రవ్యాల వ్యాపారం ఎక్కువ’ అని ఒకే ఒక్క వాక్యం ఉన్న రికార్డులు వరుసగా కనిపించాయి. ప్రాంతం ఎలాంటిదో చెప్పారు గానీ ఆ మనిషి ఏం చేశాడో ఒక్క ముక్క లేదు.

వీడియో చూడడం ఇంకా అవసరం. ఒక రికార్డులో ‘మమ్మల్ని చూసి తత్తరపడ్డాడు, దుడుకుగా ప్రవర్తించాడు, అందువల్ల బేడీలు వేశాము’ అని రాసి ఉంది. అధికారి ఒంటి మీది కెమెరా వీడియో వేయించుకున్నాం. ఆ కెమెరాలలో ఒక విశేషం ఉంది: అధికారి బటన్ నొక్కిన క్షణం కంటే ముందరి కొన్ని సెకన్ల దృశ్యం కూడా, శబ్దం లేకుండా, నమోదవుతుంది. ఆ మూగ దృశ్యంలో కుర్రాడు సైకిల్ పట్టుకుని దుకాణం గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అధికారి చెయ్యి అప్పటికే అతని మణికట్టు మీద ఉంది. మాట వినబడే సమయానికి కుర్రాడు గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. రికార్డులో రాసినది అబద్ధమని అనలేము, కానీ ముందేది వెనకేది అన్న క్రమం తారుమారైంది. బేడీలు వేయడం బలప్రయోగం కిందికే వస్తుందనీ, దానికి విడిగా కారణం చూపాలనీ మా సభ్యులలో ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గుర్తు చేశారు. అక్కడున్న ఇన్‌స్పెక్టర్ వీడియోను మరోసారి వెనక్కి తిప్పి చూసి, ఆ అధికారికి పైనున్న సార్జెంటుతో మాట్లాడతానని నోట్ చేసుకున్నారు.

మన అధికారం అంతవరకే. ప్యానెల్ ఎవరినీ శిక్షించే అధికారం లేనిది, ఎవరి ఫిర్యాదునూ విచారించే అధికారమూ దానికి లేదు. అన్యాయం జరిగిందని భావించిన వ్యక్తి ఆ పోలీసు విభాగంలోని వృత్తి ప్రమాణాల శాఖకు ఫిర్యాదు చేసుకోవాలి, తీవ్రమైన వ్యవహారాలు 2018లో ఏర్పడిన స్వతంత్ర పర్యవేక్షణ సంస్థ ఐఓపీసీకి వెళతాయి. మనం చేయగలిగింది సలహా చెప్పడం, ఆ సలహా ఏమైందని అడగడం. రెండోది మొదటిదానికంటే కష్టం, ఎందుకంటే అధికారులు తరచూ బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినవారికి పాత మాట తెలియదు. అందుకే మేము ప్రతి సలహానూ ఒక పట్టికలో రాసి, ఎదురుగా బాధ్యుడైన అధికారి హోదా, జవాబు ఇవ్వవలసిన గడువు పెట్టించాము. ఈ పట్టిక వచ్చాక సార్జెంట్లు రికార్డులను ముందే తనిఖీ చేసి, కారణం సరిగా లేనివాటిని వెనక్కి పంపడం మొదలైంది. అయితే రాత మెరుగుపడినంత త్వరగా వీధిలో ప్రవర్తన మెరుగుపడిందని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పలేను. మంచి కారణాలు రాయడం నేర్చుకోవడం ఒకటి, మంచి కారణం ఉంటేనే ఆపడం మరొకటి.

తెలుగు సంఘం తరఫున అన్న మాట దగ్గర కొంచెం జాగ్రత్త వహించండి. మీరు అక్కడ మన వాళ్ళందరి గొంతు కాలేరు, కానవసరమూ లేదు. మనవాళ్ళలో పోలీసు సోదాకు గురయ్యేవారు అంతగా ఉండరు కనుక, మీ ఎదుటికి వచ్చేవి ఎక్కువగా వేరే వాళ్ళ పిల్లల కథలే. ఆ పిల్లల పట్ల మనలో కొందరికి ముందే ఉన్న అభిప్రాయాలు సమావేశాల్లో నోరు జారి బయటపడడం చూశాను. మన ఊళ్ళలో వినాయక చవితికీ మొహర్రానికీ ముందు పోలీసు స్టేషనులో శాంతి కమిటీ కూర్చుంటుంది కదా, అది జనాన్ని అదుపులో ఉంచడానికి పెద్దమనుషుల సాయం అడిగే వేదిక. పోలీసుల కాగితాలను పెద్దమనుషులు తిరగేయడం అక్కడ ఉండదు. 2006లో, పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని ఆదేశించింది గానీ, అవి కూడా తప్పు జరిగాక వచ్చిన ఫిర్యాదులను చూసేవే. ఎవరూ ఫిర్యాదు చేయని మామూలు రోజువారీ పనిని పౌరులు పరిశీలించడం ఇక్కడి పద్ధతిలోని విశేషం. శాంతి కమిటీ అలవాటుతో వెళితే ఇన్‌స్పెక్టరుగారికి నమస్కారం పెట్టి తలూపి రావడమే అవుతుంది.

ఇక పని విషయాలు. పోలీసులు మీ నేపథ్యాన్ని తనిఖీ చేస్తారు, గోప్యత పత్రం మీద సంతకం తీసుకుంటారు. జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులు ఇస్తారా అన్నది ముందే అడగండి. సాయంత్రపు సమావేశాలు మీకు కుదరకపోతే, నేను పైన చెప్పిన కస్టడీ సందర్శకుల పని గురించి పోలీసులపై పర్యవేక్షణకు ప్రజలు ఎన్నుకునే పోలీసు, క్రైమ్ కమిషనర్ కార్యాలయంలో కనుక్కోండి. ఇద్దరిద్దరుగా స్టేషనుకు వెళ్ళి, నిర్బంధంలో ఉన్నవారికి భోజనం, మందులు, లాయరు అందుతున్నాయో లేదో చూసి రాసే పని అది. ఏదైనా సరే, దరఖాస్తు పంపే ముందు ఆ ప్యానెల్ పాత సమావేశాల మినిట్స్ అడిగి తెప్పించుకుని, ఒక సమావేశంలో సభ్యులు వేసిన ప్రశ్నకు తర్వాతి సమావేశంలో జవాబు నమోదైందో లేదో చూడండి.