క్యాసెట్లో సగమే కనపడిన సినిమా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా చిన్నాన్న షిప్‌లో పనిచేసేవాడు, సెలవుకి వచ్చినపుడు సింగపూర్ నుంచి క్యాసెట్లు తెచ్చేవాడు, అందులో ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’ ఒకటి. వీధిలో పిల్లలందరం మా అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు చూశామో. ఇంగ్లీషు ముక్క రాదు, మెరుపులు విసిరేవాడు, కోపంతో ఉబ్బి ఉబ్బి పేలిపోయేవాడు, గోళ్లు పెంచుకున్న ముసలి మాంత్రికుడు, ఇవే గుర్తు. మొన్న మా అబ్బాయికి చూపిద్దామని బ్లూరే డిస్క్ తెప్పించి వేశాను. వాడు సగంలో “నాన్నా, ఈ హీరో ఏటి చేస్తన్నాడు, కొట్టేదంతా పక్కనున్నోడే కదా” అన్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. నిజంగా అది మంచి సినిమాయేనా, లేకపోతే చిన్నప్పుడు చూశాం కాబట్టి మనకలా అనిపిస్తుందా?
(బొబ్బిలి నుంచి ఓ పాఠకుడు)

జవాబు: మీ అబ్బాయి సినిమాలో అసలు విషయం పట్టుకున్నాడు తమ్ముడూ, వాడికి నా తరపున శభాష్ చెప్పండి. 1986లో ఆ సినిమా తీసిన స్టూడియో పెద్దలకే ఆ ముక్క మింగుడు పడలేదు.

కథ ఒకసారి గుర్తు చేస్తాను, చూడనివాళ్ల కోసం కూడా. జాక్ బర్టన్ లారీ డ్రైవరు, కర్ట్ రస్సెల్ వేశాడు, నోరు పెద్దది. అతని స్నేహితుడు వాంగ్ చీ, డెనిస్ డన్ అనే నటుడు, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో హోటల్ నడుపుతుంటాడు. వాంగ్ పెళ్లాడబోయే అమ్మాయి చైనా నుంచి విమానంలో దిగుతుంది, ఆ పిల్లవి ఆకుపచ్చ కళ్లు, ఎయిర్‌పోర్ట్‌లోనే రౌడీలు ఎత్తుకుపోతారు. ఎందుకంటే లో పాన్ అనే మాంత్రికుడు చైనా మొదటి చక్రవర్తి శాపం తగిలి రెండు వేల ఏళ్లకి పైగా ఒళ్లు లేని దెయ్యంలా బతుకుతున్నాడు, మళ్లీ మనిషి కావాలంటే ఆకుపచ్చ కళ్ల పిల్లని పెళ్లి చేసుకోవాలి, ఆ తరవాత బలి ఇవ్వాలి. మనకి ఇది కొత్త కథేం కాదు కదా. 1951లో కె.వి.రెడ్డిగారి ‘పాతాళ భైరవి’లో ఎస్.వి.రంగారావుగారి నేపాళ మాంత్రికుడు శక్తి కోసం బలికి తగిన మనిషిని వెతుక్కుంటూ వచ్చినవాడే. అందుకే మీ అరుగు మీద పిల్లలకి భాష రాకపోయినా కథ అర్థమైపోయింది.

ఇప్పుడు మీ వాడి ప్రశ్నకొస్తాను. ఆ ‘పాతాళ భైరవి’లో తోటరాముడి పక్కన అంజిగాడు ఉంటాడు కదా, బాలకృష్ణగారు వేసిన పాత్ర. ఆ అంజిగాడే తానే హీరో అనుకుని ఛాతీ విరుచుకుని ముందు నడుస్తుంటే, వెనకాల తోటరాముడు చప్పుడు చెయ్యకుండా పని చక్కబెట్టేస్తుంటే, పోస్టర్ మీద మాత్రం అంజి బొమ్మే వేస్తే ఎలా ఉంటుంది? ఈ సినిమా అదే. జాక్ బర్టన్ హీరో పక్కన ఉండాల్సిన ఫ్రెండు, ఆ సంగతి అతనికొక్కడికే తెలీదు. వాంగ్ అసలు హీరో, అతను పెళ్లాడబోయే పిల్లనే ఎత్తుకుపోయారు, ఫైట్లు అతనికే వచ్చు, అక్కడి మంత్రాలూ దేవతలూ అన్నీ అతనికే తెలుసు. చివరి యుద్ధం గుర్తు తెచ్చుకోండి, అందరూ కేకలేస్తూ దూకుతుంటే జాక్ పౌరుషంగా తుపాకీ పైకి పేలుస్తాడు, పైకప్పు పెచ్చు ఊడి అతని నెత్తి మీదే పడుతుంది, యుద్ధం మొదలయ్యేసరికి హీరోగారు స్పృహ లేకుండా కింద పడుంటాడు. అవతల వాంగ్ గాల్లోకి ఎగిరి కత్తియుద్ధం చేస్తుంటాడు! మాంత్రికుడి ఎదురుగా నిలబడి వీరుడిలా మాట్లాడే చోట కూడా జాక్ మూతి నిండా అమ్మాయి లిప్‌స్టిక్ అంటుకునుంటుంది, తుడుచుకోడు. ఇవన్నీ డైరెక్టర్ జాన్ కార్పెంటర్ కావాలని పెట్టినవే, పైగా కర్ట్ రస్సెల్ లాంటి అందగాడు పాత కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ గొంతు అనుకరిస్తూ ఇంత వెర్రిగా నటించడానికి ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

స్టూడియోకి ఇది నచ్చలేదు. మొదట్లో ఎగ్ షెన్ అనే ముసలాయన, వాంగ్ వైపు ఉండే మంచి మాంత్రికుడు, ఒక లాయర్ ముందు కూర్చుని జాక్ బర్టన్ ఎంత ధైర్యవంతుడో చెప్తాడే, ఆ సీన్ వాళ్లు పట్టుబట్టి పెట్టించింది, జాక్ హీరోలా కనపడాలని. ఎడ్డీ మర్ఫీ ‘గోల్డెన్ చైల్డ్’ కూడా ఇదే వరసలో మంత్రాల కథ, అదొచ్చేలోపు మనది రావాలని హడావిడి పడ్డారు కూడా. జులైలో రిలీజ్ చేశారు, రెండు వారాలకే ‘ఏలియన్స్’ వచ్చి జనాన్నంతా లాగేసుకుంది, అమెరికా థియేటర్ వసూలు 1.1 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది, పెట్టిన ఖర్చు అంతకి చాలా ఎక్కువ. కార్పెంటర్ విసిగిపోయి పెద్ద స్టూడియో వదిలేసి చిన్న బడ్జెట్ సినిమాలకి వెళ్లిపోయాడు, 1987లో ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’, 1988లో ‘దే లివ్’. పోతూపోతూ డెనిస్ డన్‌నీ ఎగ్ షెన్ వేసిన విక్టర్ వాంగ్‌నీ ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’లోకి తీసుకున్నాడు, అది నాకు ఇష్టమైన విషయం. తర్వాత ఈ సినిమాని బతికించింది క్యాసెట్లే, మీ చిన్నాన్న తెచ్చినలాంటివే.

కానీ ఆ క్యాసెట్టే ఈ సినిమాకి అన్యాయం కూడా చేసింది, నేను అసలు చెప్పాలనుకుంటున్నది ఇదే. సినిమాని కెమెరామన్ డీన్ కండీ పానావిజన్ వెడల్పు తెరకి తీశాడు, వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. మన పాత టీవీ డబ్బా 4:3, అంటే 1.33 రెట్లు. క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ పొడవాటి బొమ్మలోంచి టీవీకి సరిపడా ముక్క కోసి, మిగతాది అవతల పడేసేవాళ్లు, కావాలంటే ఆ ముక్కని అటూ ఇటూ జరిపేవాళ్లు. లెక్క కడితే బొమ్మలో నూటికి 43 వంతులు పోయినట్టే! మరి ఈ సినిమాలో నవ్వంతా ఎక్కడుంది? ఒక పక్క జాక్ తడబడుతుంటే ఇంకో పక్క వాంగ్ పని చేస్తుండటంలో ఉంది. కోసేవాడు స్టార్ ఎటుంటే అటు కోస్తాడు కాబట్టి జాక్ మిగిలాడు, వాంగ్ అంచుల్లో పోయాడు. అప్పుడు అరుగు మీద కూర్చున్న పిల్లలకి జాక్ మామూలు హీరో లాగే కనపడ్డాడంటే తప్పు పిల్లలది కాదు. మీ అబ్బాయి మొదటిసారే పూర్తి ఫ్రేమ్‌లో చూశాడు, అందుకే వెంటనే అడిగాడు.

కాబట్టి మోజు కాదు తమ్ముడూ, నిజంగా మంచి సినిమా, మీరిప్పుడు మళ్లీ చూడండి, ఈసారి జాక్‌ని వదిలేసి వాంగ్‌ని చూడండి.

ప్రశ్న: అన్నగారూ, పెద్ద టీవీ కొన్నాక పాత ఇంగ్లీషు సినిమాలు పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి, షాపువాడు జూమ్ నొక్కమన్నాడు, నిండుగా వస్తుంది గానీ మనుషులు అంచుల్లో తెగిపోతున్నారు. పైగా బొమ్మ ఏదో సీరియల్‌లా జారిపోతున్నట్టుంది. ఏం చెయ్యాలి?
(రాజాం నుంచి ఓ పాఠకుడు)

జవాబు: జూమ్ తీసెయ్యండి, అదే మొదటి పని. పై జవాబులో చెప్పిన కోత ఇప్పుడు మీ రిమోట్‌తో మీరే కోస్తున్నారు. మన టీవీలు 16:9, వెడల్పు తెర సినిమా దాంట్లో పూర్తిగా పట్టాలంటే పైనా కిందా కొంత ఖాళీ ఉండాల్సిందే, ఆ పట్టీల కింద దాగిన బొమ్మేం లేదు. జూమ్ చేస్తే అటూ ఇటూ కలిపి దాదాపు పావు వంతు పోతుంది.

జారిపోతున్నట్టు ఉండటానికి కారణం వేరు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ మధ్యమధ్యలో లేని ఫ్రేములు తనే తయారు చేసి కలుపుతుంది, క్రికెట్‌కి బాగుంటుంది, సినిమాకి అస్సలు బాగోదు. సెట్టింగ్స్‌లో మోషన్ అని గానీ స్మూత్ అని గానీ ఉన్నవన్నీ ఆఫ్ చెయ్యండి, సినిమా మోడ్ ఉంటే పెట్టండి, మొదట పసుపుగా డల్‌గా అనిపిస్తుంది, కాసేపటికి కళ్లు అలవాటు పడతాయి. చీకటి గుహల సీన్లకి గది లైట్లు కూడా ఆర్పుకుంటే మంచిది.

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. మీరు ఇదివరకు మెచ్చుకున్నారని ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’ చూశాను. గ్రాఫిక్స్ లేకపోయినా మ్యాజిక్ బాగుంది, కానీ చైనావాళ్లని మంత్రగాళ్లుగా, రౌడీలుగా చూపించారు కదా, ఇప్పుడు అలాంటివి చూసి ఆనందించడం సరైనదేనా?
(శ్రీకాకుళం నుంచి ఓ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా, దాటేసేది కాదు. పొడుగు గోళ్లు, సన్న మీసాలు, తెల్లపిల్ల మీద కన్నేసిన తూర్పుదేశపు దుర్మార్గుడు అనే అచ్చు హాలీవుడ్‌లో ఎప్పటినుంచో ఉంది, లో పాన్ ఆ అచ్చులోంచే వచ్చాడు. జేమ్స్ హాంగ్ ఎంత గొప్పగా చేసినా ఆ మాట నిజమే. ఇంకో లోటు నన్ను మరీ బాధపెడుతుంది, ఎవరి కోసం ఇంత యుద్ధం జరుగుతోందో ఆ మియావ్ యిన్‌కి సినిమా మొత్తమ్మీద నోరు విప్పే అవకాశమే దాదాపు లేదు.

అయితే రెండో వైపు కూడా చూడు. 1986లో అమెరికా పెద్ద స్టూడియో సినిమాలో ఒక చైనీస్ అమెరికన్ కుర్రాడు తెలివైనవాడు, ప్రేమించినవాడు, కత్తి తిప్పగలవాడు, చివరికి తన అమ్మాయిని తను తెచ్చుకున్నవాడు, పక్కనున్న తెల్లాయన మాత్రం ఏం జరుగుతోందో అర్థంకాక ప్రశ్నలడిగేవాడు. ఇది ఆ రోజుల్లో చాలా అరుదు. వాంగ్ స్నేహితులు, ఎగ్ షెన్, ఇంతమంది ఆసియా నటులకి మాటలున్న పాత్రలు దొరికాయి. మొదట రాసిన స్క్రిప్ట్ పాతకాలం వెస్టర్న్ అట, గుర్రాలూ అవీ, డబ్ల్యు.డి.రిక్టర్ దాన్ని ఈ కాలానికి మార్చి రాశాడు. ఎగిరి కొట్టుకునే ఫైట్లు హాంకాంగ్ సినిమాల మీద ప్రేమతో తీసినవి, 1983లో సూయ్ హార్క్ తీసిన ‘జూ వారియర్స్’ దొరికితే చూడు, ఆ గాలి ఎక్కణ్నుంచి వీచిందో తెలుస్తుంది. జేమ్స్ హాంగ్‌ని నువ్వు 2022లో ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లో తాతగా చూసే ఉంటావు, ఆయనకి హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో నక్షత్రం ఇచ్చింది కూడా ఆ ఏడాదే, అప్పటికి తొంభై దాటాయి. ఇవన్నీ తెలుసుకుని చూస్తే ఆనందించడంలో తప్పులేదనే నా అభిప్రాయం, లోపం కనపడినచోట నువ్వు అడిగినట్టే అడగాలి.

మ్యాజిక్ సంగతి: ఈ సినిమాకి మాయల పని చూసిన రిచర్డ్ ఎడ్లండ్ మనుషులు కంప్యూటర్ బొమ్మల కాలానికి ముందు చేసిన పని అది. గాల్లో తేలే ఆ కళ్ల గుడ్ల రాక్షసి తోలుబొమ్మ లాగా మనుషులు ఆడించిందే. మన మార్కస్ బార్ట్లేగారు విజయావారి సినిమాలకి కెమెరాలోనే మాయలు చేసిన సంగతి తెలిసినవాళ్లకి ఇలాంటి పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది పలాస. తిత్లీ తుఫానప్పుడు అటక మీద పెట్టిన క్యాసెట్లు తడిశాయి, ఇప్పుడు తీస్తే రీలు మీద తెల్లగా బూజు. అందులో సినిమాలున్నాయి, మా పెళ్లి క్యాసెట్ కూడా ఉంది. వీసీఆర్‌లో పెట్టొచ్చా?
(పలాస నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా, పెట్టకండి. 2018లో తడిసినవంటే బూజు లోపలి చుట్ల దాకా పాకి ఉంటుంది, పెడితే వీసీఆర్ హెడ్‌కి అంటుకుంటుంది, ఆ తర్వాత మంచి క్యాసెట్ పెట్టినా దానికీ అంటుకుంటుంది, రీలు చిరిగినా చిరుగుతుంది. సినిమా క్యాసెట్లు వదిలేయండి, అవి డిస్క్ మీద ఇంకా బాగా దొరుకుతాయి. పెళ్లి క్యాసెట్ ఇంకెక్కడా దొరకదు కాబట్టి దాన్ని విడిగా పొడిగా ఉన్నచోట నిలబెట్టి ఉంచండి, బూజు తీసి డిజిటల్‌లోకి మార్చే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి, ఇచ్చేముందు బూజు పట్టినవి మీరు ఇదివరకు చేశారా అని తప్పకుండా అడగండి. కాపీ చేతికొచ్చాక రెండు చోట్ల దాచుకోండి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు, మన తీరప్రాంతపు గాలికి బూజు ఆగదు.

ప్రశ్న: ఫారిన్ నుంచి బ్లూరే తెప్పిస్తే మన ప్లేయర్‌లో ఆడుతుందా? పాత క్యాసెట్‌లో కంటే ‘బిగ్ ట్రబుల్’ సినిమా కొంచెం పొడుగ్గా ఉందంటున్నారు, కొత్త సీన్లు కలిపారా?
(చీపురుపల్లి నుంచి ఓ పాఠకుడు)

జవాబు: బ్లూరేకి ప్రాంతాల కోడ్ ఉంటుంది, అమెరికా ఏ, ఇంగ్లండు బి, మనది సి. డిస్క్ అట్ట వెనక ఏముందో చూసి కొనండి, లేకపోతే అన్ని కోడ్లూ ఆడే ప్లేయర్ ఉండాలి. కొత్త సీన్లేం కలపలేదు. మన దగ్గరి పాల్ (PAL) అనే టీవీ పద్ధతి క్యాసెట్లు సెకనుకి 25 ఫ్రేముల లెక్కన తిరిగేవి, 24కి తీసిన సినిమా నూటికి నాలుగు వంతులు వేగంగా పరిగెత్తేది, 99 నిమిషాల సినిమా 95లో అయిపోయేది, గొంతులు కూడా ఓ పిసరు సన్నగా వినపడేవి. బ్లూరేలో అసలు వేగం. తీసేసిన సీన్లు ఎక్స్‌ట్రాల్లో విడిగా ఉంటాయి, కార్పెంటరూ కర్ట్ రస్సెలూ కలిసి కూర్చుని నవ్వుకుంటూ చెప్పిన కామెంటరీ కూడా దొరుకుతుంది, కొనేటప్పుడు అది ఉన్న డిస్కేనా అని చూసుకోండి, పెట్టుకోవడం మాత్రం సినిమా ఒకసారి మామూలుగా చూశాకే.