ఇంజను పనికి అడ్వాన్సు ఇచ్చే ముందు కొలతల చీటీ అడగండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తొమ్మిదేళ్ల కిందట కొత్తగా కొన్న నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్ బండిని నేనే నడుపుకుంటున్నాను. ఫైనాన్సు తీరిపోయింది. ఖర్చులు పోను నెలకు సుమారు 22,000 రూపాయలు మిగులుతాయి. మార్చి నుంచి జీడిపిక్కల సీజనులో పలాసకు లోడ్లు ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువే వస్తుంది. ఇప్పుడు బండి పొగ పోస్తోంది, ఇంజనాయిలు తాగుతోంది. ఇంజను దింపి బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల కాస్త పెద్దవిగా తొలచడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సానబట్టి సమం చేయడం) చేయించాలని, మొత్తం 95,000 అవుతుందని, ముందుగా 50,000 ఇవ్వాలని మా మెకానిక్ అంటున్నారు. పని తనకు తెలిసిన లేత్ షాపులోనే చేయిస్తారట. నాకు బ్యాంకులో 60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంట్లో కొంత బంగారం ఉన్నాయి. 70,000కు పాత ఇంజను దొరుకుతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏ షాపును నమ్మాలి? డబ్బు ఎలా సర్దుకోవాలి?

జవాబు: డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ 95,000 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీ ఇంజను ఇంకా బండిలోనే ఉంది. సిలిండర్ల పై మూత అయిన హెడ్ విప్పలేదు, సిలిండరు ఎంత అరిగిందో ఎవరూ కొలవలేదు. కాబట్టి అది మీ మెకానిక్ అనుభవంతో వేసిన అంచనా మాత్రమే. అంచనా తప్పని నేను అనను, కానీ అంచనా మీద సగానికి పైగా సొమ్ము ముందే చేతిలో పెట్టడం మీ స్థితిలో ఉన్నవారికి తగదు.

పొగ రంగు ఏమిటో మీరు రాయలేదు. నల్లటి పొగ అయితే తప్పు చాలాసార్లు ఎయిర్ ఫిల్టరులోనో, డీజిల్ చల్లే నాజిళ్లలోనో, డీజిల్ పంపులోనో ఉంటుంది, దానికి బోరింగ్ అవసరమే ఉండకపోవచ్చు. ఇంజనాయిలు తగ్గుతూ నీలం పొగ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండరు లోపలి గోడ (బోరు) అరిగాయన్న అనుమానం బలపడుతుంది. అయినా వాల్వు సీళ్లు పాడైనా, టర్బో ఉన్న బండిలో టర్బో సీలు పోయినా అదే పొగ వస్తుంది. అందుచేత ఇంజను దింపక ముందే నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో చూసేది) చేయించి, నాలుగు అంకెలనూ కాగితం మీద రాయించుకోండి. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. ఈ పరీక్ష అవసరం లేదనే మెకానిక్ దగ్గర మాత్రం తొందరపడి ఇంజను దింపించకండి.

ఇక లేత్ షాపు విషయం. నమ్మకమైన షాపు ఏదని అడిగితే జనం పాత పరిచయాన్నో, యజమాని మంచితనాన్నో చెబుతారు. నా దృష్టిలో నమ్మకానికి ఆధారం ఒక్కటే: పని మొదలుపెట్టక ముందూ, ముగిశాకా కొలతలు రాసి ఇవ్వగలగడం. ప్రతి సిలిండరునూ పైన, నడుమ, కింద మూడు ఎత్తుల్లో, ఒక్కోచోట రెండు అడ్డదిశల్లో బోర్ గేజ్‌తో కొలవాలి, అంటే ఒక సిలిండరుకు ఆరు అంకెలు. పై రింగు తిరిగే చోట అరుగుదల అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ఆ అంకెలను బట్టే 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు (అసలు కొలతకంటే అంత పెద్ద పిస్టన్) సరిపోతుందా, 0.50 కావాలా, 0.75 దాకా వెళ్లాలా అన్నది తేలుతుంది. ఇదివరకే 1.00 దాకా బోరు చేసిన బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజను ముఖ్య భాగం) అయితే సాధారణంగా స్లీవు, అంటే లోపల కొత్త గొట్టం, వేయాల్సి వస్తుంది. కొన్ని ఇంజన్లలో బోరు చేయకుండా లైనర్లే (ఊడదీసి మార్చగల సిలిండరు గొట్టాలు) మారుస్తారు. క్రాంక్ జర్నళ్లను (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలను) కూడా మైక్రోమీటరుతో కొలిచాకే గ్రైండింగ్ అవసరమో కాదో చెప్పాలి. జర్నళ్లు కొలతలోనే ఉంటే కొత్త బేరింగులతో సరిపోవచ్చు, ఆ మేరకు మీ బిల్లు అక్కడే తగ్గుతుంది.

ఇంకొకటి మీ కళ్లతో మీరే చూడవచ్చు. హెడ్ విప్పిన రోజున దగ్గరుండి, పిస్టన్ తల మీది మసిని గుడ్డతో తుడిచి చూడండి. ఓవర్‌సైజు పిస్టన్ అయితే చాలావాటిలో 0.50 వంటి అంకె అచ్చువేసి ఉంటుంది. బేరింగు వెనుక వైపు కూడా సైజు ఉంటుంది. మీరు ఈ బండిని కొత్తగా కొన్నారు కాబట్టి అక్కడ స్టాండర్డ్ సైజే ఉండాలి. మరేదైనా కనిపిస్తే మధ్యలో ఎవరో ఇంజను విప్పారన్నమాట, అది ఎప్పుడు జరిగిందో గుర్తు చేసుకోవాలి.

పిస్టన్లు చేతికి రాకముందే బోరు చేస్తామనే షాపుకు బ్లాకు ఇవ్వకండి. ఈ మాట నేను ఇంటి అనుభవంతో చెబుతున్నాను. మా నాన్నగారి పొలంలోని ఆయిలింజనుకు ఒక షాపులో ముందే 0.50కి బోరు చేశారు. పిస్టన్ వారం తర్వాత వచ్చింది. దాన్ని కొలిస్తే పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు ఉండాల్సినదానికంటే ఎక్కువ తేలింది, అయినా సర్దుకుంటుందని బిగించేశారు. మొదటి రోజే టకటకమని పిస్టన్ కొట్టుకునే శబ్దం వచ్చింది, నాట్లు పూర్తి కాకముందే మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఒకే పనికి నాన్నగారు రెండుసార్లు డబ్బు కట్టారు. చేతికి వచ్చిన పిస్టన్‌ను కొలిచి, దానికి కంపెనీ చెప్పిన సందు కలుపుకొని, చివరి కొద్ది మందాన్ని హోనింగ్‌కు (సానరాళ్లతో సన్నగా రుద్దడానికి) వదిలి బోరు చేయడమే సరైన పద్ధతి. హోనింగ్ అయ్యాక సిలిండరు గోడ మీద వాలుగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు సమంగా కనిపించాలి, ఎందుకంటే ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. గోడ అద్దంలా మెరుస్తుంటే హోనింగ్ సరిగా జరగలేదని అనుమానించి అడగండి.

హెడ్‌ను మరవకండి. బండి ఎప్పుడైనా వేడెక్కి ఆగిపోయి ఉంటే, ఫేసింగ్ (అడుగు భాగాన్ని చదును చేయడం) చేయించే ముందు నీటి ప్రెషర్ పరీక్షతో పగుళ్లు ఉన్నాయో లేవో చూడాలి. వేడెక్కడానికి కారణమైన రేడియేటరు, థర్మోస్టాటు, వాటర్ పంపు అలాగే ఉండిపోతే కొత్త పిస్టన్లకూ పాతవాటి గతే పడుతుంది. నాజిళ్ల పరీక్ష కూడా ఈ అంచనాలో ఉందో లేదో అడగండి. కారే నాజిలు సిలిండరు గోడ మీది ఆయిలును కడిగేసి, చేసిన బోరింగ్‌ను త్వరగా అరగదీస్తుంది.

మీ మెకానిక్ ఒకే షాపు పేరు చెప్పడం వెనుక కమిషన్ ఉండవచ్చు. ఈ వృత్తిలో అది మామూలే, అంతమాత్రాన ఆయన మోసగాడని అనుకోనక్కరలేదు. అయితే లేత్ పని డబ్బు ఆయన చేతి మీదుగా కాకుండా నేరుగా షాపుకు, సామాన్ల డబ్బు నేరుగా స్పేర్ పార్టుల దుకాణానికి, ఆయనకు కూలి మాత్రమే వెళ్లేలా మూడు భాగాలుగా విడదీయండి. కూలిలో ఐదో వంతును బండి ఓ 1,000 కిలోమీటర్లు తిరిగి, మొదటి ఆయిలు మార్చాక ఇస్తానని ముందే చెప్పండి. పని మీద నమ్మకం ఉన్న మెకానిక్ దీనికి ఒప్పుకుంటారు, నేను చూసినవారిలో చాలామంది ఒప్పుకున్నారు కూడా.

షాపును వెతికేటప్పుడు నిన్న పని చేయించుకున్నవారిని కాక, ఏడాది కిందట చేయించి ఇప్పటికీ బండి నడుపుతున్నవారిని అడగండి. స్కూలు బస్సుల యజమానులు, రైసు మిల్లులవారు, ట్రాక్టర్లు అద్దెకు తిప్పేవారు ఇందుకు మంచి సాక్షులు. పర్లాకిమిడిలోనో, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలోనో కొలతలు రాసిచ్చే షాపు దొరకకపోతే, బరంపురానికో విశాఖలోని గాజువాక ఆటోనగర్‌కో పంపించడానికి వెనుకాడకండి. బండి సరిహద్దు దాటనక్కరలేదు, బ్లాకు, క్రాంకు, హెడ్ పార్సిల్‌లో వెళ్లి వస్తే చాలు. పంపే ముందు బ్లాకు మీది ఇంజను నంబరును స్పష్టంగా ఫొటో తీసి, జాబ్ కార్డు మీద కూడా అదే నంబరు రాయించండి. మన సరిహద్దు ఊళ్లలో కాగితం ఒడియాలో ఉంటుందో తెలుగులో ఉంటుందో చెప్పలేం, కానీ కొలతలు అంకెల్లో ఉంటే మీకు ఇబ్బంది ఉండదు.

పాత ఇంజను మాట నాకు నచ్చలేదు. దాని లోపలి అరుగుదల మీకు తెలియదు, దాని ముందు యజమాని ఎవరో కూడా తెలియదు. దొంగ బండిది అయితే మీ మీద కేసు రావచ్చు. సక్రమమైనదే అయినా ఇంజను నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో దగ్గర ఆర్సీలో మార్పు నమోదు చేయించాలి, బీమా కంపెనీకి తెలపాలి. మీ సొంత బ్లాకునే బోరు చేయిస్తే ఈ తిప్పలేవీ ఉండవు. మామూలు అరుగుదలకు బీమా వర్తించదు కనుక క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. పని 95,000, బండి పదిహేను రోజులు ఆగితే పోయే సంపాదన 11,000, వెరసి 1,06,000. పని సరిగా జరిగి బండి మరో మూడేళ్లు నడిస్తే నెలకు 3,000 లోపే పడుతుంది. దాని బదులు 8 లక్షల అప్పుతో కొత్త బండి తీసుకుంటే, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకున్నా వాయిదా నెలకు సుమారు 17,400 అవుతుంది. మీ 22,000లో అది పోతే ఇల్లు గడవదు. పొగ పోసే బండిని అమ్మినా కొనేవాడు ఇంజను ఖర్చంతా ధరలో తగ్గించే అడుగుతాడు. పైగా ఎనిమిదేళ్లు దాటిన సరకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, ఈ పొగతో అక్కడ గట్టెక్కడం కష్టం. కాబట్టి కంప్రెషన్ పరీక్ష బోరింగే అవసరమని తేలిస్తే చేయించండి, సీజను మొదలు కాకముందే చేయించండి.

డబ్బుకు మొదట డిపాజిట్ వైపు చూడండి. దాన్ని రద్దు చేసే ముందు దాని మీదే అప్పు ఎంత ఇస్తారో బ్యాంకులో అడగండి. మామూలుగా డిపాజిట్‌లో 90 శాతం దాకా, అంటే 54,000 వరకు, డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు. మిగిలినది బ్యాంకులోనే బంగారం మీద తీసుకోండి. హామీ లేకుండా 50,000 వరకు ఇచ్చే ముద్రా శిశు రుణానికి కూడా దరఖాస్తు చేయవచ్చు, కానీ అది చేతికి వచ్చేదాకా బండిని ఆపుకోకండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట మాత్రం తేకండి. 50,000కు ఎనిమిది నెలల్లో అది 12,000 అవుతుంది, 9 శాతానికి బ్యాంకులో అయితే 3,000తో పోతుంది. పని మధ్యలో కొత్త ఖర్చు బయటపడితే ఆదుకోవడానికి కనీసం 10,000 కదపకుండా ఉంచండి.

ప్రతి చెల్లింపూ యూపీఐతో చేసి బిల్లు తీసుకోండి. షాపుకు జీఎస్టీ నంబరు లేదంటే మోసమని కాదు, చిన్న షాపులకు మినహాయింపు ఉంది. కానీ నంబరు లేకుండా బిల్లులో జీఎస్టీ వేస్తే ఆ సొమ్ము ఇవ్వకండి. పాత పిస్టన్లు, బేరింగులు తిరిగి అడగండి. పని చెడి, షాపు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, షాపు విశాఖలో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు వేసుకోవచ్చు. అక్కడ మీకు అన్నిటికంటే బలమైన ఆధారం ఆ కొలతల చీటీయే.

కంప్రెషన్ అంకెలు, హెడ్ విప్పాక ఆ చీటీ ఫొటో నాకు పంపండి. 0.50తో సరిపోయి, క్రాంకు గ్రైండింగ్ లేకుండా గట్టెక్కితే మీ అప్పు ఎంత తగ్గుతుందో మళ్లీ లెక్క వేసి రాస్తాను. అంతవరకు ఆ 50,000 మీ డిపాజిట్‌లోనే ఉండనివ్వండి.