400 ఏళ్ల నాటి సిలువ బొమ్మకు ఇప్పుడు డబ్బు కట్టాలా?

సందేహం: మా చర్చి శతాబ్ది సావనీర్ అట్ట మీద యేసును సిలువ మీంచి దించుతున్న పాత ప్రింట్ వేశాం. రూబెన్స్ అనే పాతకాలపు చిత్రకారుడి చిత్రం చూసి చెక్కిందట, నెట్‌లో దొరికింది. ఇప్పుడు ఫొటోలు అమ్మే ఒక విదేశీ సంస్థ, హక్కులు తమవంటూ 40 వేలు కట్టమని మెయిల్ పెట్టింది. బొమ్మ కింద లాటిన్‌లో 'కుమ్ ప్రివిలెగీస్' అని కూడా ఉంది. పాస్టర్ గారికి ఒకటే టెన్షన్. కేసవుతుందా?

జవాబు: ముందు ఆ డబ్బు కట్టకండి. మీరు పంపిన అట్ట పెద్దది చేసి చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ప్రింట్ చెక్కిన వోర్‌స్టెర్‌మాన్ పేరు, 1620 అన్న సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ కెథెడ్రల్‌లో ఉన్న రూబెన్స్ చిత్రాన్ని ఆయన రాగి రేకు మీద చెక్కాడు. మీరు భయపడుతున్న ఆ లాటిన్ మాటకు 'ప్రత్యేక అనుమతులతో' అని అర్థం, అదీ అప్పటిదే. అప్పట్లో కాపీరైట్ చట్టాలు లేవు కాబట్టి, తన బొమ్మలకు ఎవరూ నకళ్లు తీసి అమ్మకుండా రూబెన్స్ ఫ్రాన్స్ రాజు దగ్గర, తమ దేశపు పాలకుల దగ్గర, డచ్ ప్రభుత్వం దగ్గర విడివిడిగా అనుమతులు తెచ్చుకున్నాడు. డచ్ వాళ్ల దగ్గర సాయం చేసిన ఇంగ్లిష్ రాయబారి డడ్లీ కార్ల్‌టన్‌కే ఈ ప్రింట్ అంకితమిచ్చారు. ఆ అనుమతులన్నీ కొన్నేళ్లకే, ఎప్పుడో తీరిపోయాయి.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కళాకారుడు పోయాక 60 ఏళ్లే హక్కు. రూబెన్స్ పోయింది 1640లో, వోర్‌స్టెర్‌మాన్ 1675లో.

'ఫొటో మాది కదా' అంటారు వాళ్లు, అసలు పేచీ అక్కడే. బొమ్మను ఉన్నదున్నట్టు స్కాన్ చేస్తే కొత్త సృష్టి ఏముంది? ఒట్టి శ్రమ చాలదు, కాస్తయినా సృజన ఉండాలని మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 తీర్పులో చెప్పింది. యూరప్ యూనియన్ కూడా 2019లో సభ్యదేశాలకిచ్చిన ఆదేశంలో (డైరెక్టివ్) ఇలాంటి నకళ్లకు రక్షణ లేదని రాసింది. అయితే బొమ్మను వాళ్ల సైట్‌లోనే షరతులకు ఒప్పుకుని దించుకున్నారా? అలాగైతే అది ఒప్పందం విషయం, వేరే లెక్క. సావనీర్ పని చూసినవాళ్లను అడిగి తేల్చుకోండి.

ఇవాళే జవాబు పెట్టండి. ఫొటో ఎవరు తీశారు, అందులో సొంత సృజన ఏమిటి, ఆధారం చూపమనండి. ఊరికే బెదిరిస్తుంటే మన కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద మీరే కోర్టుకెళ్లొచ్చు. మళ్లీ అచ్చు వేసేటప్పుడు నెదర్లాండ్స్‌లోని రైక్స్‌మ్యూజియం లాంటి చోట ఉచితంగా పెట్టిన కాపీ తీసుకుని, దించిన తేదీ రాసి పెట్టుకోండి. వాళ్ల మెయిల్ మాత్రం డిలీట్ చేయకండి.