బజారు ఎండను కొలవబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

వరంగల్ బట్టల బజార్‌లో, స్టేషన్ రోడ్డులో వేసవి ఎండకు జనం ఎంత ఇబ్బంది పడుతున్నారో కొలిచి నీ ఆర్కిటెక్చర్ పరిశోధనలో చూపుతానని రాశావు. మునిసిపల్ ఇంజనీరుగా ఆ వీధుల్లో పనిచేసినవాడిని కనుక నాకు తోచినవి చెబుతున్నాను.

గాలి ఉష్ణోగ్రత ఒక్కటే రాసుకొని రాకు. ఎండలోనూ పక్కనే ఉన్న నీడలోనూ ఆ అంకె దాదాపు ఒకటే ఉంటుంది గాని ఒంటికి తగిలే వేడి ఎంతో మారుతుంది, ఎందుకంటే సూర్యకిరణాలతో పాటు కాలిన రోడ్డు, గోడలు, రేకులు కూడా మనిషి మీదికి వేడిని వెదజల్లుతాయి. అది తెలియాలంటే నల్లరంగు పూసిన 150 మిల్లీమీటర్ల రాగి గోళంలో థర్మామీటర్ అమర్చి, ఒక్కోచోట దాదాపు 20 నిమిషాలు ఆగి, గాలి వేగాన్నీ తేమనూ కూడా నమోదు చేయాలి.

వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు వీధి ఎంత ఇరుకైనా, మేడలు ఎంత ఎత్తయినా వాటి నీడ నేలమీద పడదు. ఉత్తర దక్షిణాలుగా సాగే సందుల్లో ఉదయం, సాయంత్రం దొరికే నీడను చూసి అవి చల్లని వీధులని తేల్చేయకు. నడిమధ్యాహ్నం కాపాడేవి దుకాణం ముందరి పందిరి, పరదా, వేపచెట్టు మాత్రమే. వీటిలోనూ ఇనుప రేకు ఎండను ఆపుతూనే తాను కాలిపోయి కిందివారి నెత్తిమీదికి వేడిని దించుతుంది. చెట్టు ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి కనుక అంతగా కాలవు. అందుకే రేకు కింద, గుడ్డ కింద, చెట్టు కింద విడివిడిగా కొలువు. మిద్దెలకు తెల్లరంగు మంచిదే గాని, నడిచే నేలకు పూస్తే ఎండ తిరిగి మనిషి మీదే పడుతుంది.

జనాన్ని అడిగేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం బిడ్డా. ఏసీ షోరూం నుంచి అప్పుడే బయటికి వచ్చిన వారినీ, పొద్దుటినుంచి తోపుడు బండి దగ్గర నిలబడిన తల్లినీ ఒకే సగటులో కలపకు. ఎలా ఉందని అడిగితే ఆమె అలవాటైపోయిందంటుంది. దాన్ని సౌకర్యంగా లెక్కవేయడం అన్యాయం. బండిని ఏ వేళకు ఎటు జరుపుతుందో, నీళ్లు ఎక్కడ తెచ్చుకుంటుందో అడుగు. ఎండ, గాలి, తేమ అన్నీ కలిపి ఒంటికి తగిలే వేడిని ఒకే అంకెగా చూపే సూచికలో, మధ్య యూరప్ వారికి 18 నుంచి 23 డిగ్రీలు హాయి అని చెప్పే హద్దులను మన వీధులకు అలాగే తగిలించకు. ఇక్కడివారి జవాబుల నుంచే హద్దులు తీయి.

ప్రశ్నావళి సిద్ధం కాగానే నాకు పంపు, చదివి చెబుతాను.

మీ తాతయ్య