మనసు పెట్టి బతకాలా, అంటీముట్టనట్టు ఉండాలా?

"అందరినీ నా వాళ్లే అనుకుని దెబ్బతిన్నాను. ఇకమీదట తామరాకు మీద నీటిబొట్టులా ఉండిపోవడమే మేలా?" అని అడిగారు. అలా పదేళ్లు బతికి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. ఉద్యోగం విజయనగరంలో. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయాక (మా వైపు ఆ జబ్బు తాకని వీధి తక్కువ) ఇక ఎవరి మీదా మమకారం పెంచుకోకూడదనుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నారా, మందులు వేసుకున్నారా" అని అడగడం, నెలనెలా డబ్బు పంపడం, అంతే.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇంటికి ఫోన్ కలవలేదు. మూడో రోజు, పడిన చెట్లు నరికి దారి చేస్తున్నవాళ్ల వెనకే ఊళ్లోకి నడిచాను. మా తోటలో 110 కొబ్బరి చెట్లుంటే నిలబడినవి 19. నాన్న ఒక చెట్టు మొవ్వు మీద చేయి వేసుకుని కూర్చున్నారు. "ఇది మీ అక్క పుట్టిన ఏడు వేశాను" అన్నారు. లేచి ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లి, "ఇది మీ తాత నాటింది" అన్నారు. అలా ఒక్కో చెట్టు దగ్గరా ఆగారు. అరవై ఆరేళ్ల మనిషి దాచుకోకుండా ఏడ్చారు. నాకు కన్నీరు రాలేదు. ఆడుకుని పెరిగిన తోటలో ఏ చెట్టు ఎప్పటిదో కూడా నాకు తెలియదు. అదే నన్ను భయపెట్టింది.

పోనీ బాధ తప్పిందా అంటే అదీ లేదు. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చుని ఉండగా ఉన్నట్టుండి పెదనాన్న గుర్తొచ్చి భోరున ఏడ్చాను. పదేళ్ల నాటి ఏడుపు అది.

ఈలోగా నాన్న మళ్లీ గుంతలు తీయించారు. "కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, ఇప్పుడెందుకు నాన్నా" అంటే, "ఉన్నన్నాళ్లు నీళ్లు పోస్తాను" అన్నారు. గీత ఫలం మీద ఆశ వదలమంది, పని మీద ప్రేమను కాదు. నాకు బాధ కలగకూడదు అని కోరుకోవడం కూడా ఫలం మీద ఆశే కదా. నేను దాన్నే వైరాగ్యం అనుకున్నాను.

మిమ్మల్ని వాడుకునే మనిషి ఉంటే ఆ మనిషికి దూరంగా జరగండి, అందులో తప్పు లేదు. ఆ ఒక్కరి కోసం మిగతావాళ్లందరినీ పరాయివాళ్లను చేసుకోకండి. మనసు పెట్టే బతకండి.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు ఊరెళ్తున్నాను. నాన్నకు చూపు తగ్గింది. ఏ మొక్కకు కొమ్ముపురుగు పట్టిందో నన్నే చూసి చెప్పమంటారు. మొన్న వెళ్లినప్పుడు రెండు చెట్లకు తొలి పూత కనిపించింది. చెప్పగానే నా చేయి పట్టుకుని, అక్కడికి తీసుకెళ్లమన్నారు.