బోర్డులో ఆ సీటు మీదే

ప్రశ్న: నమస్తే అక్కా. మేం మిషిగన్‌లో ఉంటాం. మావారి ఉద్యోగం పోయినప్పుడు హీటింగ్ బిల్లు సాయం కోసం మా కౌంటీలోని కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీకి వెళ్లాను. ఇప్పుడు స్కూల్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. బోర్డులో పేద కుటుంబాల తరఫున ఒక సీటు ఖాళీ అయిందని, నిలబడతారా అని ఏజెన్సీవాళ్లు మొన్న అడిగారు. సాయం తీసుకున్నదాన్ని, అంతమంది పెద్దవాళ్ల మధ్య ఏం మాట్లాడగలను? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు ఇది ప్రభుత్వ ఆఫీసా, ధర్మసంస్థా? దీనికి రాష్ట్ర చట్టం ఉందంటున్నారు, ఎందుకు?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా నిలబడండమ్మా. నేనూ మిషిగన్‌లోనే ఇలాంటి ఒక బోర్డులో ప్రైవేటు రంగం తరఫున కూర్చున్నదాన్ని, కాబట్టి చూసిందే చెబుతాను.

ముందు చట్టం సంగతి. 1964 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో ఎకనామిక్ ఆపర్చ్యునిటీ చట్టం వచ్చింది. కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీలు పుట్టింది ఆ చట్టంతోనే. పేదల కోసం నడిపే పనుల్లో పేదలే వీలైనంత ఎక్కువగా పాల్గొనాలని అందులో రాశారు. వాషింగ్టన్ డబ్బు తమ చేతుల మీదుగా కాకుండా నేరుగా ఏజెన్సీలకు వెళ్లడం చాలామంది మేయర్లకు మింగుడుపడలేదు. 1967లో చట్టాన్ని సవరించి స్థానిక ప్రభుత్వాలకు పట్టు పెంచారు. రీగన్ అధ్యక్షుడయ్యాక, 1981లో, ఆ డబ్బు బ్లాక్ గ్రాంటుగా, అంటే రాష్ట్రాలకు ఒక మొత్తంగా ఇచ్చే ఫెడరల్ నిధిగా మారి రాష్ట్రాల ద్వారా రావడం మొదలైంది. పంచేది రాష్ట్రమైనప్పుడు, ఎవరికివ్వాలి, ఎవరు జవాబుదారీ అన్నది రాష్ట్రమూ రాసుకోవాలి కదా. మిషిగన్ ఆ ఏడాదే 230వ నంబరు చట్టం చేసింది. విస్కాన్సిన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లోనూ ఇలాంటి సెక్షన్లున్నాయి.

ఏజెన్సీ మాత్రం ఎక్కువ చోట్ల లాభాపేక్ష లేని సంస్థే, కొన్నిచోట్ల కౌంటీదో సిటీదో. బ్లాక్ గ్రాంటులో కనీసం 90 శాతం రాష్ట్రం ఈ ఏజెన్సీలకే ఇవ్వాలి. సరైన కారణం చూపకుండా, నోటీసిచ్చి విచారణ జరపకుండా ఒక ఏజెన్సీ వాటాను తగ్గించడానికీ వీల్లేదు.

ఇక మీ సీటు. బోర్డులో మూడింట ఒక వంతు ఎన్నికైన ప్రజాప్రతినిధులు. కనీసం మూడింట ఒక వంతు తక్కువ ఆదాయ కుటుంబాల ప్రతినిధులు, వాళ్లను ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలి. మిగతావాళ్లు వ్యాపారాలు, యూనియన్లు, మత సంస్థలు, స్కూళ్ల లాంటి చోట్ల నుంచి వస్తారు. ఎవరి దయమీదో వచ్చే సీటు కాదిది. ఆ వర్గానికి తగినంత ప్రాతినిధ్యం లేదనిపిస్తే అర్జీ పెట్టుకునే దారి కూడా ఫెడరల్ చట్టంలోనే ఉంది.

ఏం మాట్లాడగలను అన్నారు. మా బోర్డులో హాస్పిటల్ లాండ్రీలో పనిచేసే ఒకావిడ ఉండేవారు. ఒక మీటింగులో హీటింగ్ దరఖాస్తులు తగ్గాయని లెక్కలు చూపించారు. అవసరం తగ్గిందేమోనని మేం కాగితాలు తిప్పుతున్నాం. ఆవిడ ఒకటే అడిగారు: "ఆఫీసు ఐదింటికి మూసేస్తారు, నా షిఫ్టు ఐదున్నరకు అయిపోతుంది. నేనెప్పుడు రావాలి?" గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నెల తిరిగేసరికి వారంలో ఒకరోజు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచారు. ఇళ్లు శుభ్రం చేసి నగదు తీసుకునేవాళ్లకు పే స్టబ్బులు (జీతం రసీదులు) ఎక్కడివి, ఆదాయం ఎలా చూపిస్తారు అని అడిగిందీ ఆవిడే. బడ్జెట్ షీటు చదవడం మాకొచ్చు. అది మాత్రం మాకు తట్టలేదు.

అర్హత గీత దగ్గర కూడా మీలాంటివాళ్లు నోరు విప్పాలి. 2025లో నలుగురున్న కుటుంబానికి ఫెడరల్ పేదరిక రేఖ ఏడాదికి 32,150 డాలర్లు. బ్లాక్ గ్రాంటు సేవలకు రాష్ట్రం దాన్ని 125 శాతం దాకా, అంటే దాదాపు 40,187 డాలర్ల దాకా పెంచుకోవచ్చని మూల చట్టంలో ఉంది; 2020 తర్వాత కాంగ్రెస్ తాత్కాలికంగా 200 శాతం దాకా అనుమతిస్తూ వచ్చింది. ఆ గీతకు వంద డాలర్లు అటుగా ఉన్న ఇంటికి కూడా చలి అంతే ఉంటుంది. ఇది పైన ఎక్కడో తేలే విషయం అనుకోకండి. ఫెడరల్ డబ్బు ఎలా వాడతారో రాష్ట్రం ప్లాన్ రాసి బహిరంగ విచారణ పెట్టాలి, మూడేళ్లకోసారైనా చట్టసభలో విచారణ జరగాలి. బోర్డు సభ్యురాలిగా వెళ్లి చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ఒప్పుకునే ముందు ఏజెన్సీని బైలాస్ (సంస్థ నియమావళి), కిందటి ఏడాది ఆడిట్ రిపోర్టు, తాజా కమ్యూనిటీ అవసరాల సర్వే అడిగి తీసుకోండి. సర్వే ముందు చదవండి, మీకు బాగా తెలిసిన సంగతులే ఉంటాయి. మీటింగులు ఏ వేళలో పెడతారో, పెట్రోలు ఖర్చు, పిల్లల్ని చూసుకునే ఖర్చు ఇస్తారో లేదో మొహమాటపడకుండా కనుక్కోండి. ఇవ్వకపోతే, మొదటి మీటింగులో అదే అడగండి.